ఫ్యాన్ చెప్పేదొకటి, టికెట్ లెక్క చెప్పేదొకటి

స్పోర్ట్స్ ఎకనామిక్స్‌లో రీసెర్చ్ అంటే చాలామందికి మ్యాచ్‌లు చూసి జీతం తీసుకునే ఉద్యోగంలా వినిపిస్తుంది, బయటివాళ్లే కాదు, పక్క రూమ్‌లో ఉండే మాక్రో ఎకనామిక్స్ ప్రొఫెసర్ కూడా లోపల అదే అనుకుంటాడు. నన్నడిగితే ఈ కెరీర్‌లో అసలు కష్టం అది కాదు. ఫ్యాన్‌గా మనకి బాగా తెలుసు అనుకున్నదాన్నే డేటా కాదంటుంది చూడండి, అది మింగుడుపడదు.

ఈ సబ్జెక్ట్ పునాదే తీసుకోండి. 1956లో ఎకనామిస్ట్ సైమన్ రాటెన్‌బర్గ్ బేస్‌బాల్ ఆటగాళ్ల లేబర్ మార్కెట్ మీద పేపర్ రాశాడు, గెలుపెవరిదో తేలనప్పుడే జనం వస్తారు అన్న ఆలోచన అక్కడిదే. 1964లో వాల్టర్ నీల్ దాన్ని బాక్సింగ్‌తో చెప్పాడు: మామూలు వ్యాపారంలో పోటీవాడు పోతే పండగ, జో లూయిస్‌కి మాత్రం మాక్స్ ష్మెలింగ్ లాంటి గట్టివాడు ఎదురుగా లేకపోతే సంపాదనే లేదు. చక్కటి మాట. జీతాలకి సీలింగ్ పెట్టడానికీ ఆదాయం పంచుకోవడానికీ లీగ్‌లు ఇప్పటికీ ఈ వాదనే వాడుకుంటాయి.

మరి బాయర్న్ మ్యూనిక్ 2013 నుంచి 2023 దాకా వరసగా 11 సార్లు జర్మనీ ఫుట్‌బాల్ లీగ్ బండెస్‌లీగా టైటిల్ కొట్టుకుపోతే స్టేడియాలు వెలవెలబోవాలి కదా, కోవిడ్ టైమ్ పక్కనపెడితే మ్యాచ్‌కి సగటున 40,000 మందికి పైగానే వచ్చారు. కింద జట్లకి రెలిగేషన్ (కింది లీగ్‌కి పడిపోవడం) గొడవ, యూరప్ టోర్నీల బెర్తుల గొడవ ఉంటాయిలే అనొచ్చు, కొంత నిజమే. కానీ 2014లో కోట్స్, హంఫ్రీస్, జౌ అనే రీసెర్చర్లు అమెరికా బేస్‌బాల్ హాజరు లెక్కలు తీస్తే సమఉజ్జీల మ్యాచ్‌కి జనం ఎగబడట్లేదు, మనోళ్లు గెలిచేస్తారు అనిపించినప్పుడు గేటు దగ్గర రద్దీ. గెలిచిన సంతోషం కన్నా ఓడిపోతామన్న బాధే బరువు అని సైకాలజీ వైపు నుంచి వచ్చిన వివరణే దీనికి సరిపోయింది. సైకాలజిస్ట్ రాబర్ట్ చాల్డీని టీమ్ 1976లోనే చూపించింది, యూనివర్సిటీ జట్టు గెలిస్తే స్టూడెంట్స్ ఆ పేరున్న బట్టలేసుకుని "మేం గెలిచాం" అంటారు, ఓడితే "వాళ్లు ఓడారు".

అదే ఫ్యాన్‌ని సర్వేలో అడగండి, హోరాహోరీగా ఉండాలండీ అంటాడు.

అందుకే ఎకనామిక్స్ ఒక్కటే చదివినా, కన్స్యూమర్ బిహేవియర్ ఒక్కటే చదివినా ఇక్కడ సగమే కనపడుతుంది. రెండూ పట్టినవాడికి మళ్లీ ఇంకో తలనొప్పి, ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్‌కి ఈ పని ఆటబొమ్మలా ఉంటుంది, మేనేజ్‌మెంట్ స్కూల్‌కి ఆ సమీకరణాలు ఎక్కువైపోతాయి.

నాకు ఇంకా గుబులు పుట్టించేది డేటా. గేటు లెక్కలు ఒకప్పుడు పేపర్లో అచ్చయ్యేవి, ఎవరైనా లెక్కేసుకోవచ్చు. ఇప్పుడు ఎవరు ఏ నిమిషంలో చూడటం ఆపేశారో స్ట్రీమింగ్ కంపెనీకి తెలుసు, కావాలంటే ఒప్పందం మీద సంతకం పెట్టాలి. టికెట్ రేటు పెంచినా జనం తగ్గరు అని తేలిన పేపర్‌కి ఆ కంపెనీలు అడ్డు చెప్తాయని నేననుకోను, ఫ్యాన్ విసిగిపోతున్నాడు అని తేలితే ఆ పేపర్ బయటికొస్తుందా అన్నదే డౌటు.