రెండు రంధ్రాలు వేస్తే పాత కాంపౌండ్ వేట విల్లు అయిపోదు

కొన్ని రోజులుగా విశాఖలో విలువిద్య నేర్చుకునే కుర్రాళ్ల ఫోన్లలో ఒక మెసేజ్ తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు. అందులో ఉన్నది ఇది: "పాత కాంపౌండ్ విల్లు పారేయకండి. క్యాములు, కేబుళ్లు తీసేసి, రైజర్‌కు రెండు రంధ్రాలు వేసి రికర్వ్ లింబులు బిగించండి. వేట విల్లు రెడీ. ఏ రైజరైనా పనికొస్తుంది, పవర్ తగ్గదు, పాత బాణాలే సరిపోతాయి. విల్లుకు లైసెన్సు అక్కర్లేదు కాబట్టి అడవికి నిశ్చింతగా వెళ్లొచ్చు."

కాంపౌండ్ అంటే కొసల్లో క్యాములనే చక్రాలు, వాటిని కలిపే కేబుళ్లు ఉండే విల్లు. రికర్వ్‌కు అవి ఉండవు, కొసలు ముందుకు వంగి ఉంటాయి. పైనా కిందా వంగే రెండు బద్దలే లింబులు. ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క నిజం. పాత కాంపౌండ్ రైజర్‌తో, అంటే మధ్యలో మనం పట్టుకునే లోహపు భాగంతో, రికర్వ్ చేసుకోవచ్చు. అమెరికాలో చాలామంది చేసుకుంటారు, అక్కడ అనుమతి తీసుకుని వేటకూ వాడతారు. మిగతాదంతా నమ్మితే కన్నైనా పోతుంది, కేసైనా అవుతుంది.

చివరి మాట ముందు తీసుకుంటాను, ఎక్కువ ప్రమాదం అందులోనే ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 'ఆయుధం' అంటే ఏమిటో చెప్పేచోట తుపాకులు, వలలు, ఉచ్చులతో పాటు విల్లు, బాణాలను కూడా పేరు పెట్టి చెప్పింది. చంపితేనే వేట కాదు. గాయపరిచినా, తరిమినా, ఆ ప్రయత్నం చేసినా వేటే. మన ఊరిని ఆనుకునే కంబాలకొండ అభయారణ్యం ఉంది. రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అందులో అడుగుపెట్టడమే నేరం. లోపల వేటాడితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. "మరి ఏజెన్సీలో ఇటుకల పండుగకు వేటకెళ్లరా అన్నా?" అని ఒక తమ్ముడు అడిగాడు. అది గిరిజన గూడేలు చైత్రంలో కలిసి చేసుకునే పండుగ. దాని పేరు చెప్పుకుని బైకుల మీద అరకు వైపు బయలుదేరే హక్కు మనకెక్కడిది?

ఇక "ఏ రైజరైనా" అనే మాట. హోలెస్ విల్బర్ అలెన్‌కు కాంపౌండ్ విల్లు మీద 1969లో పేటెంట్ వచ్చింది. ఆ తొలి తరం విల్లుల్లో లింబులు రికర్వ్‌లో లాగే పైకీ కిందికీ సాగి ఉండేవి. అలాంటి రైజర్లతో పని జరుగుతుంది. రానురాను లింబులు విలుకాడి వైపు పడుకున్నట్టు అడ్డంగా వచ్చేశాయి, లింబు కూర్చునే పాకెట్ వాలూ అలాగే మారింది. అందులో రికర్వ్ లింబు పెడితే అల్లెతాడు బాగా వెనక్కి వచ్చి కూర్చుంటుంది. ఇక లాగడానికి మిగిలే దూరమెంత, బాణానికి వచ్చే వేగమెంత?

రంధ్రాల సంగతి కళ్లారా చూశాను. నా స్నేహితుడికి వాళ్ల మామయ్య అమెరికా నుంచి ఒక పాత రైజర్ తెచ్చిచ్చాడు. ఇల్లు పెదవాల్తేరులో, సముద్రపు గాలికి గేటుకే ఏటా రంగు వేయించాలి. రెండేళ్లు గోడకు వేలాడదీసి, తర్వాత ఆటోనగర్‌లో లేత్ షాపుకు తీసుకెళ్లాం. లింబ్ బోల్టు విప్పితే చుట్టూ సున్నంలా తెల్లటి పొడి. గోటితో గీకితే రంగు పెచ్చులా ఊడింది, కింద చిన్న చిన్న గుంటలు. మేస్త్రి చేతిలో ఎత్తి చూసి, "ఇది అల్యూమినియం కాదు బాబూ, మరీ తేలిగ్గా ఉంది" అని డ్రిల్లు ఆపేశాడు. ఆయన మాట నిజమే, అది మెగ్నీషియం. పాత రైజర్లలో మెగ్నీషియం పోతవి చాలా ఉన్నాయి. ఉప్పు తేమలో, స్టీలు బోల్టు తగిలిన చోట ఆ లోహాన్ని తుప్పు తినేస్తుంది. దాని సన్నటి రజను నిప్పందుకుంటే నీళ్లు పోయకూడదు, మంట ఇంకా రేగుతుంది. పొడి ఇసుకే చల్లాలి. ఇంతా చేసి మెసేజ్ వేయమన్న రంధ్రం లింబ్ పాకెట్ దగ్గర, విల్లు లాగినప్పుడు బరువంతా పడే చోట. పోత లోహంలో పగులు మొదలయ్యేది అలాంటి రంధ్రం అంచునే. అది విరిగేటప్పుడు మీ ముఖం పక్కనే ఉంటుంది. తెలిసినవాళ్లు కొత్త రంధ్రం వేయరు, ఉన్న బోల్టు రంధ్రానికే సరిపోయే లింబులో అడాప్టరో చూసుకుంటారు.

"పవర్ తగ్గదు" అన్నది కూడా తప్పే. బలం లింబులది, క్యాములది. రైజర్‌ది కాదు. 60 పౌండ్ల కాంపౌండ్‌లో 75 శాతం లెటాఫ్, అంటే చివర్లో క్యాములు తగ్గించే బరువు, ఉంటే, పూర్తిగా లాగాక చేతిమీద నిలిచేది 15 పౌండ్లే. రికర్వ్‌లో లాగేకొద్దీ బరువు పెరుగుతుంది, చివర్లో మొత్తం మోయాలి. కాంపౌండ్ అలవాటుతో 50 పౌండ్ల లింబులు కొంటే భుజం పట్టేస్తుంది. లాగే బరువు సమానంగా ఉన్నా, క్యాములున్న విల్లే ఎక్కువ శక్తిని దాచుకుంటుంది.

బాణాలూ అంతే. వేళ్లతో వదిలినప్పుడు బాణం పక్కకు వంగుతూ వెళ్తుంది కాబట్టి దాని బిరుసు ఆ విల్లుకు కుదరాలి. పాత బాణం కుదిరితే అదృష్టం.

మా వాడి రైజర్ మళ్లీ గోడకే చేరింది. మీ ఇంట్లో అలాంటిది ఉంటే, లింబులు కొనకముందే బోల్టు విప్పి చూడండి. లోపలి వైపు కాస్త రంగు గీకి ఒక చుక్క వెనిగర్ వేయండి. బుడగలు వస్తే మెగ్నీషియం. తెల్ల పొడి, గుంటలు కూడా కనిపిస్తే దాన్ని అల్లెతాడు దాకా తీసుకెళ్లకండి.