బొమ్మకూ ఒక పీరియడు

పాఠం మధ్యలో బొమ్మ వస్తే తరగతి గది అర నిమిషంలో దాన్ని దాటేస్తుంది. దాని కింది పేరాను మాత్రం రెండుసార్లు చదివిస్తారు. గ్రాఫునూ పటాన్నీ పేరాలాగే కూర్చుని చదివించాలి, చదవగలిగినందుకు మార్కులు కూడా ఇవ్వాలి అన్నది మా అభిప్రాయం.

అంకెలు దాచేదాన్ని బొమ్మ ఎలా పట్టిస్తుందో 1973లో ఫ్రాన్సిస్ ఆన్స్‌కోమ్ అనే గణాంకవేత్త చూపించారు. ఆయన కూర్చిన పట్టికలు నాలుగు, ఒక్కోదానిలో 11 జతల సంఖ్యలు. నాలుగింటిలోనూ ఎక్స్ సగటు 9, వై సగటు 7.5, సహసంబంధం, అంటే ఆ రెండూ ఎంతగా కలిసి మారుతాయో చెప్పే కొలత, దాదాపు 0.82. లెక్కల్లో నాలుగూ కవలలే. గ్రాఫు మీద చుక్కలు పెడితే మాత్రం ఒకటి వాలు గీత చుట్టూ చెదురుతుంది, ఇంకొకటి విల్లులా వంగుతుంది. మూడోదానిలో చుక్కలన్నీ ఒకే వరుసలో ఉంటే ఒక్కటి పైకి ఎగిరిపోతుంది. నాలుగోదానిలో పది చుక్కలు ఒకే నిలువు గీత మీద నిలబడితే పదకొండోది ఎక్కడో దూరంగా ఉంటుంది. హైస్కూలు పిల్లలను నాలుగు జట్లు చేస్తే ఇది ఒక పీరియడులో అయిపోయే పని. ముందు సగటు కట్టించాలి. నాలుగు జట్లకూ ఒకే జవాబు వచ్చాకే గ్రాఫు కాగితం చేతికివ్వాలి. వరుస తప్పితే ఆ ఆశ్చర్యం దక్కదు.

మొదటి గ్రాఫులు చేత్తోనే గీయించాలి. కంప్యూటర్ స్కేలును తానే నిర్ణయించేస్తుంది. నేర్చుకోవలసిందంతా ఆ నిర్ణయంలోనే ఉంది. కమ్మీ చిత్రంలో కన్ను పొడవులను పోలుస్తుంది కాబట్టి నిలువు అక్షం సున్నా దగ్గరే మొదలవ్వాలి. 50, 52 విలువలను 48 నుంచి గీస్తే రెండో కమ్మీ రెట్టింపు పొడవుంటుంది. అసలు తేడా 4 శాతమే. గీత గ్రాఫుకు ఈ కట్టుబాటు లేదు. రోగి ఒంటి వేడిని సున్నా నుంచి గీస్తే జ్వరమే కనబడదు! ఒకే పట్టికను రెండు స్కేళ్లతో గీయించి పక్కపక్కన పెడితే ఈ సంగతి పిల్లలకు వాళ్ల చేతుల్లోంచే తెలుస్తుంది.

సైన్సు బొమ్మల్లో చిక్కు వేరు. భాగాలకు అ, ఆ, ఇ అని గుర్తులు పెట్టి పేర్లు పేజీ అడుగున ఇస్తే పిల్లల దృష్టంతా పైకీ కిందికీ వెతకడంలోనే ఖర్చవుతుంది. పేరు భాగం పక్కనే ఉండాలి. రంగులకూ వివరణ కావాలి. సిరలను నీలంగా వేసిన బొమ్మ చూసి రక్తమే నీలంగా ఉంటుందనుకునే పిల్లలున్నారు. అది ముదురు ఎరుపే. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని విద్యార్థుల కోసం రంగుతోపాటు చారలో చుక్కలో వేయాలి.

పరీక్షలో రానిది తరగతిలో నిలవదు. అందుకే ప్రతి ప్రశ్నపత్రంలో శీర్షిక తీసేసిన గ్రాఫు ఒకటి ఇవ్వాలని కోరుతున్నాం. అక్షాలు ఏం కొలుస్తున్నాయి, ఎక్కడ మార్పు వచ్చింది, ఈ గ్రాఫును బట్టి చెప్పలేనిది ఏమిటి అని అడగాలి. మూడో ప్రశ్నకే ఎక్కువ మార్కులు.