ఫ్యాను కింద రాజకీయాలు మాట్లాడరాదు

మాదాపూర్‌లోని మా కార్యాలయంలో రాజకీయ చర్చలను నిషేధిస్తూ హెచ్‌ఆర్ విభాగం జారీ చేసిన సర్క్యులర్‌ను నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. 2024 జూన్ 4న, ఆంధ్రప్రదేశ్‌లో 175 అసెంబ్లీ స్థానాలకు, తెలంగాణలో 17 లోక్‌సభ స్థానాలకు ఓట్లు లెక్కిస్తున్న వేళ, మా అంతస్తులో కంప్యూటర్లన్నీ వెలుగుతున్నా నిజంగా పనిచేసింది కాఫీ మెషీన్ ఒక్కటేనన్న సంగతి యాజమాన్యం మరచిపోలేదు. ఆనాటి పందెంలో నాకు రావలసిన బిర్యానీ ఇంతవరకు రాలేదు గనుక నేనూ మరచిపోలేదు.

చిక్కల్లా నాలుగో నిబంధనతోనే వచ్చింది. కేంద్ర ప్రభుత్వోద్యోగి ఒంటిపైనో, వాహనంపైనో, ఇంటిపైనో ఎన్నికల గుర్తును ప్రదర్శిస్తే అది ఎన్నికల్లో తన పలుకుబడిని వాడుకోవడమేనని 1964 నాటి ప్రవర్తనా నియమావళి చెబుతుండగా, మావారు ఇంకో అడుగు ముందుకేసి, గుర్తులు ‘ఏ రూపంలోనూ’ కనిపించరాదన్నారు. మరి క్యాంటీన్‌లో నెత్తిన తిరిగే ఫ్యాను, సెల్లారులో సెక్యూరిటీ తాత సైకిలు, దాని పక్కనే మేనేజరు గారి కారు, రిసెప్షన్‌లో ఇత్తడి పళ్లెంలో తేలే ప్లాస్టిక్ తామరలు ఏ రూపంలో ఉన్నట్టు? మీటింగులో సందేహం అడగడానికి చెయ్యెత్తాలన్నా భయమే. ముందుజాగ్రత్తగా చాయ్ గ్లాసులు తీసేసి కాగితపు కప్పులు పెట్టారు, ‘గ్లాసు ఏమైంది?’ అని ఒకరు అడగడంతో ఆ పూట చర్చ లంచ్ దాకా సాగింది.

వాతావరణం గురించి మాత్రం మాట్లాడుకోవచ్చట. అందుకే ఇప్పుడందరూ వాతావరణ నిపుణులయ్యారు.

“మీ జిల్లాలో గాలి ఎలా ఉందండీ?”

“మొన్నటిదాకా బాగానే వీచింది, ఇప్పుడు ఒకటే ఉక్క.”

ఇక మేనేజరు గారు ప్రతి సోమవారం, తుళ్లూరు దగ్గర తాను కొన్న ప్లాటు 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట పుట్టాక ఎలా చతికిలపడిందో, ఎవరి పుణ్యాన మళ్లీ లేచిందో నలభై నిమిషాలపాటు వివరిస్తారు. అది రాజకీయం కాదని, మార్కెట్ విశ్లేషణ అని, అప్రైజల్ దగ్గరపడుతున్న మేమంతా ఏకగ్రీవంగా అంగీకరించాం.

నిషేధం అమలును పర్యవేక్షించడానికి ఐదుగురు సభ్యుల కమిటీ వేయాలని కూడా నిర్ణయించారు. ఎవరు ఏ పార్టీయో అందరికీ తెలుసు గనుక, అన్ని పక్షాలకూ న్యాయం జరగాలన్న పట్టుదలతో మూడు వారాలుగా చర్చలు సాగుతున్నాయి. సీట్ల సర్దుబాటు ఇంకా కుదరలేదు.