ఏకాదశి పూట కొర్రల సలాడ్

మా మరిది బెంగళూరు నుంచి తిరుపతి వచ్చినప్పుడల్లా బట్టల కంటే సిద్ధాంతాలే ఎక్కువ మోసుకొస్తాడు. ఒకసారి చక్కెర విషమన్నాడు. ఇంకోసారి పొద్దున టిఫిన్ తినడమే దండగన్నాడు. ఆ సిద్ధాంతాలన్నీ ఆదివారం రాత్రి బస్సెక్కే వేళకు మా అత్త కట్టిచ్చే మురుకుల డబ్బా కింద నలిగి చచ్చిపోతాయి. (నా పెళ్లినాటికి నిక్కర్లేసుకొని తిరిగినవాడు కాబట్టి ఇక్కణ్ణుంచి 'వాడు' అనే అంటాను.)

ఈసారి తెచ్చిన సిద్ధాంతం పేరు తబూలే. లెబనాన్, సిరియా వైపు తింటారట. పార్స్లీ ఆకు బోలెడు, పుదీనా కొంచెం, టమోటా, బుల్గుర్ అనే గోధుమ నూక పిడికెడు, నిమ్మరసం, ఆలివ్ నూనె. అంతే. దానికి మామిడి ముక్కలు, దానిమ్మ గింజలు కలపడం వాడి సొంత కవిత్వం.

"పొయ్యి వెలిగించే పనే లేదు వదినా, ఈ పొద్దు వంటింటికి నీకు సెలవు" అన్నాడు. సెలవు అనే మాట విన్నాక నేనింక ప్రశ్నలు వేయలేదు.

వాడు చూసుకోని సంగతి ఒకటుంది. ఆ రోజు తొలి ఏకాదశి. ఆషాఢ శుద్ధ ఏకాదశి నాడు విష్ణుమూర్తి నిద్రకు ఉపక్రమించి నాలుగు నెలలు లేవడు. మా ఊళ్లో గోవిందరాజస్వామి ఏడాది పొడుగునా పడుకునే ఉంటాడనుకోండి. తమ్ముడి పెళ్లప్పు తీర్చడానికి డబ్బు కొలిచి కొలిచి అలసిపోయి, ఆ కుంచాన్నే తలకింద పెట్టుకున్నాడని చెబుతారు. అయినా తొలి ఏకాదశి తొలి ఏకాదశే. మా ఇంట్లో ఆ రోజు మామ వాళ్లమ్మ, అంటే మా అవ్వ, ఉపవాసం. అవ్వ ఉపవాసమంటే మామ కూడా ఉపవాసమే. ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు గాని, కొడుకు పదవి నుంచి ఇంకా కాలేదు పాపం.

అవ్వ ఉపవాసానికి దాని చట్టం దానికుంది. బియ్యం ముట్టదు. గోధుమరవ్వ ఉప్మా మాత్రం తింటుంది. రాగి, కొర్ర, సజ్జ ఊహూఁ. ఎందుకవ్వా అంటే, "మా చిన్నప్పుడు దినామూ తినిందే సంగటి, కొర్రబువ్వ. దినామూ తినేది మానితేనే గదా ఉపాసం. గోధుమ మాకు యాడుండె?" అంటుంది. శాస్త్రం సంగతి పురోహితులు చూసుకుంటారు. ఈ తర్కంలో చిల్లు పెట్టేవాళ్లు మా ఇంట్లో ఇంకా పుట్టలేదు.

మరిది పొద్దున్నే రైతుబజారుకు పోయాడు. పార్స్లీ ఉందా అని అడిగితే కూరగాయలామె కొత్తిమీర కట్ట చేతిలో పెట్టి, "ఇదే సార్, నాటుది" అందట. సూపర్ మార్కెట్లో అసలుది దొరికింది గాని, ప్లాస్టిక్ డబ్బాలో వాడిపోయి పడుకొని ఉంది. దాని ధరకు కొత్తిమీర బుట్టెడొస్తుంది. కొత్తిమీరే తెచ్చాడు. ఆలివ్ నూనె కోసం తిరిగి తిరిగి చివరికి మెడికల్ షాపులో చిన్న సీసా పట్టుకొచ్చాడు. మా అత్త ఆ సీసా చూసి నా వైపు తిరిగి, "ఏమే, విశేషమా? నాకు చెప్పనేలేదే!" అంది. మా వైపు ఆలివ్ నూనె పసిబిడ్డలకు ఒళ్లు రుద్దడానికి తప్ప కొనరు మరి.

బుల్గుర్ ఎక్కడా దొరకలేదు. గోధుమ నూకే కదా అని మామూలు గోధుమరవ్వ తెచ్చి, ఫోన్లో చెప్పినట్టే నీళ్లలో నానబెట్టాడు. కిటుకంతా అక్కడుంది. బుల్గుర్ అంటే గోధుమల్ని ముందే ఉడికించి, ఎండబెట్టి, నూక చేసింది. అందుకే నానితే చాలు, తినేయొచ్చు. మన రవ్వ పచ్చిది. గంట నానినా పంటికింద ఇసుకే. వాడు ఒక చెంచా నమిలి, ఆ శబ్దం ముందుగదిలోకి వినబడినా, "టెక్స్చర్ బాగుంది" అన్నాడు. రెండో చెంచా తినలేదు.

అప్పుడు కనబడింది వాడికి అటక మీద కొర్రల సంచి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించినప్పుడు మా మామ ఉత్సాహం కొద్దీ తెచ్చిపెట్టినవాటిలో మిగిలింది. ఐక్యరాజ్యసమితి మర్చిపోయినా మా అత్త మర్చిపోలేదు, నెలనెలా ఎండబెడుతూనే ఉంది. కొర్రలైతే ఉడికించాలి కదా, నా సెలవు రద్దయింది. గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు పోసి నేనే పొడిపొడిగా వండిచ్చాను. వేడిమీద కలిపితే ఆకులు నల్లబడతాయని, చల్లారబెట్టడానికి ఉతికిన తెల్లగుడ్డ ఏదో వెతికి, మంచం మీద పరిచి, ఫ్యాను కింద ఆరబోశాడు. పది నిమిషాల తర్వాత మామ తువ్వాలు చుట్టుకొని స్నానాల గది నుంచి బయటికొచ్చి, "నా మడిపంచె ఎవరు తీసినార్రా?" అని కేక పెట్టాడు.

పంచె మీద గింజలు దులిపి గిన్నెలోకి ఎత్తేసరికి మామ గంటసేపు తువ్వాలు మీదే విష్ణుసహస్రనామం చదవాల్సి వచ్చింది.

మామిడికి బెంగళూరా కాయలు వాడాడు. మా చిత్తూరు వైపు తోతాపురిని అలాగే అంటాం. గుజ్జు ఫ్యాక్టరీలకు లారీలకు లారీలు పోయేది ఇదే. కండ గట్టిది, ముక్క చెదరదు, కొంచెం పులుపు. ఈ ఒక్క విషయంలో వాడిని మెచ్చుకోవాలి. నీలం కాయలు కోద్దామంటే మామే వద్దన్నాడు. ఆ కాలానికి నీలం టెంకలో పురుగుంటుంది, కోయగానే బయటికొచ్చి మనల్ని పలకరిస్తుంది. పైన గూడూరు నిమ్మకాయ పిండి, దానిమ్మ చల్లాక ఆ గిన్నె చూడముచ్చటగా ఉందంటే ఉంది. వాసనకే నాకు నోరూరింది. ఉప్పు చూడమని వాళ్ల నాయన అరచేతిలో చిటికెడు వేశాడు. మామ చూశాడో చూడనట్టు నటించాడో, తలూపి జపంలోకి వెళ్లిపోయాడు.

"పండ్లు తింటావా అవ్వా?" అని వాడు అవ్వకు గిన్నె అందించాడు.

"పండ్లేనా?"

"పండ్లే. ఆకులు గూడా ఉండాయి."

కోర్టులో ఇలాంటి సాక్ష్యానికి ఏం పేరో వకీళ్లనడగాలి.

అవ్వ ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. దానిమ్మ పటుక్కుమంది, మొహం విచ్చుకుంది. "పుల్లపుల్లగా బాగుండాది నాయనా." రెండో చెంచా అయింది. మూడోది నోటిదాకా పోయి ఆగింది.

"ఏందిరా, సన్నంగా తగులుతా ఉండాది?"

"అదీ... ఫైబర్ అవ్వా."

అవ్వ వేలికొసతో ఒక గింజ తీసి కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. రెండు కళ్లకూ ఆపరేషనయిన మనిషే గాని, వయసులో కొర్రచేలో కలుపు తీసిన మనిషి. "కొర్ర" అంది. అంతే, ఇల్లంతా నిలువునా ఆగిపోయింది.

"తెలీక తింటే లెక్కలోకి రాదులే అమ్మా" అన్నాడు మామ.

"నాకు తెలీదు సరే, సామికి తెలుసు గదా."

"ఈ పొద్దు సామి నిద్రపోతాడు గదవ్వా" అన్నాడు మరిది.

"పోయేది రాత్రికి. ఇంకా పన్నెండు గూడా కాలా."

వాడు అనుకున్నట్టుగా లెబనాన్ పద్ధతిలోనే చేసుంటే అది గోధుమ, అవ్వ చట్టానికి ఢోకా లేదు. మన పొలాల గింజ వేయడం వల్లే వచ్చింది చిక్కంతా. ఈ ముక్క చెబితే వాడు బిక్కమొహం వేసి, మిగిలినదాంట్లోంచి కొర్రలు వేరుచేస్తానని చిల్లుల గిన్నె పట్టుకొని కొళాయి కిందికి పోయాడు. నిమ్మరసం, ఉప్పు, నూనె ముందు కొట్టుకుపోయాయి. కొర్రల్లో సగం పుదీనాకు అతుక్కొని కదల్లేదు, మిగతా సగం సింకు గొట్టంలో బసచేశాయి. నేను మాత్రం నా వాటా ముందే పక్కకు తీసుకొని వంటింటి గడపలో కూర్చుని తింటూ విచారణ విన్నాను. నాకు ఉపవాసం లేదు.

అంతలో ఎదురింట్లో అద్దెకుంటున్న పంతులమ్మ పేలాలపిండి తెచ్చింది. వాళ్లది గుంటూరు వైపు. "తొలి ఏకాదశికి ఇది తినాలండి మామ్మగారూ. జొన్నపేలాలు, బెల్లం, యాలకులు."

సింకు దగ్గర్నుంచి మరిది తల తిప్పాడు. "జొన్న గింజ కాదా టీచర్?"

"పేలాలు బాబూ."

"పేలకముందు?"

"పేలకముందు జొన్నే. పేలాక ప్రసాదం."

అవ్వ కాసేపు ఆలోచించింది. "అయితే కొర్రను గూడా పేల్చుంటే సరిపోయేదేమో" అంది. పంతులమ్మ నవ్వి, "మా ఇంట్లో కొర్రలు చిలకలకు పెడతామండీ" అంది. మా మామకు ఏ జిల్లా మీద కోపం తెచ్చుకోవాలో అర్థం కాలేదు. గుంటూరు మీదే తెచ్చుకున్నాడు గాని, పేలాలపిండి డబ్బా మీద చెయ్యి మాత్రం తీయలేదు. అవ్వ ఆ డబ్బా తీసి తన పక్కన పెట్టుకుంది.

తర్వాత కాళ్లు చాపుకొని తీర్పు చెప్పింది. "పోయిందేదో పాయ. చెడిన ఉపాసానికి కడుపు మాడ్చుకుంటే పుణ్యం ఎనక్కొస్తాదా? అమ్మణ్ణీ, రాత్రి సంగటి ముద్ద ఉండాది గదా? దాంట్లోకి చెనిక్కాయల ఊరిబిండి ఏసుకోని రా. ఒక ఎర్రగడ్డ గూడా కోసుకోనిరా."

ఏకాదశి నాడు ఎర్రగడ్డ! ఒక గింజతో మొదలైన అపచారం ఎంత దూరం పోయిందో చూడండి.

మామ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మరి నేను..."

"నువ్వేం తినలేదు గదా నాయనా. ఇంట్లో ఒకరన్నా నిష్ఠగా ఉండాల. నువ్వుండు."

సంగటి ముద్ద మీద ఊరిబిండి వేసి నేను తెచ్చేసరికి మామ నాలుకతో పళ్ల సందులన్నీ వెతుక్కుంటున్నాడు. చివరికి దొరికినట్టుంది, మొహం వెలిగింది.

"పొద్దున వీడు ఉప్పు చూడమని చేతిలో ఏసినాడే," అన్నాడు, "దాంట్లో ఒక కొర్ర ఉన్నట్టే ఉండాది."

నేను ఇంకో తట్ట తీశాను.