సూయాలో పీనట్ బటర్ వేయకండి

ఈ మాట రాసేస్తే గానీ నాకు నిద్ర పట్టేలా లేదు.

నిన్న మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. "అక్కా, నువ్వు లాగోస్‌లో తినేదానివే, ఆ సూయా చేస్తున్నా. పీనట్ బటర్ రెండు స్పూన్లు, గరం మసాలా ఒక స్పూను పట్టించా. చాలు కదా?" అని అడిగింది. దానిమీద నాకు కోపం లేదు. చూసిన వీడియోలో అలాగే ఉందట, పేరు కూడా 'ఆఫ్రికన్ కబాబ్' అని పెట్టారట. నా బాధంతా ఆ పేరు పెట్టినవాళ్ల మీదే. మన గోంగూర మాంసాన్ని ఎవరైనా 'ఏషియన్ మటన్' అంటే ఊరుకుంటామా? సూయాకి ఊరుంది, మనుషులున్నారు. మాంసం ముక్కల్ని పుల్లలకి గుచ్చి నిప్పుల మీద కాల్చే ఈ వంట ఉత్తర నైజీరియాలోని హౌసా జాతి వాళ్లది. వాళ్లతోపాటే దక్షిణాన లాగోస్ దాకా వచ్చింది, చుట్టుపక్కల దేశాలకూ పాకింది.

మేం లాగోస్‌లో నాలుగేళ్లున్నాం. సాయంత్రం చీకటి పడే వేళకి మా వీధి మలుపులో సూయా ఆయన నిప్పులు రాజేసేవాడు. మాంసాన్ని కాగితమంత పల్చగా కోసి, పుల్లలకి గుచ్చి, ఎర్రటి పొడిలో దొర్లించేవాడు. కాలాక పుల్ల నుంచి లాగి, ముక్కలుగా తరిగి, పాత న్యూస్‌పేపర్ మీద వేసి, పచ్చి ఉల్లిపాయ చక్రాలు, టమాటా పెట్టి, పైన ఇంకో గుప్పెడు పొడి చల్లి పొట్లం కట్టేవాడు. ఇంటికొచ్చేసరికి కాగితం వేడికి చెమర్చి ఉండేది. మొదటి ముక్కకే ముక్కు కారేది. అనంతపురం దాన్ని, కారం నాకు కొత్త కాదు. కానీ ఆ కారం వెనకాల వేయించిన శనక్కాయల కమ్మదనం తగిలినప్పుడు మాత్రం మా ఊరే గుర్తొచ్చింది.

ఆ పొడిని యాజి అంటారు. దాని ప్రాణం కులికులి. వేయించిన వేరుశనగల్ని ముద్దగా నూరి, పిసికి పిసికి నూనె తీసేసి, మిగిలిన పిండిని ఉండలుగానో చుట్టలుగానో చేసి అదే నూనెలో వేయిస్తారు. ఊరికే నమలడానికీ బావుంటుంది, దంచితే యాజిలోకి వెళ్తుంది. మా అత్తగారిది గోదావరి వైపు. ఆవిడ మునగాకు వేసి తెలగపిండి కూర వండుతారు. నువ్వుల్లోంచి నూనె పోయాక మిగిలిన పిండికి ఎంత రుచి ఉంటుందో తెలిసిన మనకి కులికులి గురించి వేరే చెప్పాలా?

అందుకే పీనట్ బటర్ వద్దంటున్నా. అందులో నూనె అంతా అలాగే ఉంటుంది. ముక్కకి జిడ్డులా పట్టి, నిప్పుల మీద కారి మాడి, చేదెక్కుతుంది. పొడిపొడిగా ఉన్న కులికులి అయితే మాంసంలోంచి ఊరే రసాన్ని పీల్చుకుని పెచ్చులా గట్టిపడుతుంది. కాలేటప్పుడు మాంసం ఎండిపోకుండా పైన కాస్త వేరుశనగ నూనె రాస్తారు, ఆ మాత్రం చాలు.

ఇంట్లో నేను చేసే పద్ధతి ఇది. వేయించిన పల్లీల పొట్టు తీసి, మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి. ఒక్క చుట్టు ఎక్కువైనా ముద్దయిపోతుంది. ఆ పొడిని టిష్యూ కాగితాల మధ్య పరిచి, పైన సన్నికల్లు పెట్టి, నూనె మరక తగ్గేదాకా కాగితాలు మారుస్తూ ఉండాలి. ఓ పూట పడుతుంది, పట్టనివ్వండి. పశువుల దాణా కోసం అమ్మే పల్లీ చెక్క మాత్రం తేవద్దు, దానికి బూజు విషం పట్టి ఉండొచ్చు.

అర కిలో మాంసానికి ఈ పొడి ఆరు స్పూన్లు, కారం రెండు, శొంఠి పొడి ఒకటి, రెండు లవంగాలు, ఒక మ్యాగీ క్యూబ్ (నూడుల్స్ కాదు, సూపుల్లో వేసే ఉప్పటి రుచి బిళ్ల), ఉప్పు. మ్యాగీ ఏమిటని ముఖం చిట్లించకండి, అక్కడ వంటింట్లో అది ఉప్పంత మామూలు. కింబా అనే నల్లటి కాయ ఒకటి వేస్తారు, పొగ వాసనా ఘాటూ కలిసి ఉంటుంది. దొరక్కపోతే మానేయండి. దాని బదులు గరం మసాలా వేశారంటే యాలకులు, దాల్చినచెక్క వాసనతో అది మన సీకు కబాబే అవుతుంది.

అక్కడ ఎక్కువగా ఎద్దు మాంసమే. పొట్టేలు, కోడి కూడా కాలుస్తారు కాబట్టి బీఫ్ తినని ఇళ్లవాళ్లు వాటితో చేసుకోవచ్చు, అదీ సూయానే. ఏ మాంసమైనా పీచుకి అడ్డంగా, పల్చగా కోయాలి.

ఇంకోటి. ఆ హౌసా వాళ్ల ఉత్తర నైజీరియాలోనే ఉన్న కానో నగరంలో 1950లు, 60లలో వేరుశనగ బస్తాలు పిరమిడ్లలా పేర్చేవాళ్లు, కొండల్లా కనిపించే ఆ ఫోటోలు ఇప్పటికీ ఉన్నాయి. పెట్రోలు ఆదాయం పెరిగాక సేద్యం చిక్కిపోయి అవి మాయమయ్యాయి. వేరుశనగ పండే జిల్లాలో పుట్టినదాన్ని, ఆ ఫోటోలు చూస్తే గుండె పట్టేస్తుంది. అంత పంట పండించినవాళ్ల వంటలోకి డబ్బాలోంచి పీనట్ బటర్ తీసి వేయడం నాకు మింగుడు పడదు.

మా చెల్లికి ఈ ఆదివారం మళ్లీ చేయమని చెప్పా. పల్లీలు శనివారం పొద్దున్నే వేయించి, నూనె తీయడానికి పెట్టమన్నా. కాలిన ముక్కల మీద చల్లడానికి రెండు స్పూన్ల పొడి ముందే పక్కన తీసి పెట్టుకోమన్నా, పచ్చి మాంసం తగిలిన పొడి మళ్లీ వాడకూడదు కదా.