మూడో గడి దాటి చదవండి

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు కొనబోయే తెలుగు కుటుంబం ముందుగా అడిగేది స్కూలు రేటింగు. వంటగది ఎంత, తూర్పు ముఖమా కాదా అన్నవి ఆ తరువాతే. కార్యసిద్ధి హనుమాన్ ఆలయంలో ప్రసాదం తీసుకుని కాసేపు నిలబడితే చాలు, "మా డిస్ట్రిక్ట్ రాష్ట్ర సగటు కంటే చాలా పైన ఉంది" అనే మాట చెవిన పడుతుంది. డిస్ట్రిక్ట్ అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులన్నింటినీ నడిపే సంస్థ, సగటు అంటే రాష్ట్ర పరీక్షల ఫలితాల సగటు. ఆ మాట నిజమే. మేమూ అది చూసే ఇక్కడికి వచ్చాం. కానీ ఆ మాటకు మనం ఇస్తున్న అర్థం మాత్రం సరైనది కాదని ఇన్నేళ్ల తరువాత గట్టిగా చెప్పాలనిపిస్తోంది.

టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ ఏటా ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్ మీదా ఒక నివేదిక విడుదల చేస్తుంది. ఎవరైనా ఉచితంగా తెరిచి చూసుకోవచ్చు. అందులో మొదటి గడి రాష్ట్రం, రెండోది ప్రాంతం, మూడోది మన డిస్ట్రిక్ట్. అందరూ మొదటి గడినీ మూడో గడినీ చూసి, తేడా లెక్కవేసుకుని, సంతోషంగా మూసేస్తారు. అసలు విషయం మొదలయ్యేది ఆ తరువాతి గడుల్లో. జాతుల వారీగా, ప్రత్యేక విద్య పొందే పిల్లలు, ఆర్థికంగా వెనుకబడిన పిల్లలు, ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలు అంటూ విడివిడిగా అంకెలు ఉంటాయి.

ఆర్థికంగా వెనుకబడిన పిల్లలు అంటే ముఖ్యంగా ఉచితంగా గానీ తగ్గింపు ధరకు గానీ మధ్యాహ్న భోజనానికి అర్హత ఉన్నవాళ్లు. కుటుంబ ఆదాయం కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన పేదరిక రేఖకు 185 శాతం లోపు ఉంటే ఆ అర్హత వస్తుంది. టెక్సాస్ ప్రభుత్వ బడుల్లో చదివే సుమారు 55 లక్షల మందిలో ప్రతి పది మందికి ఆరుగురు ఈ కోవలోకే వస్తారు. దాదాపు 65 వేల మంది విద్యార్థులు, 12 హైస్కూళ్లు ఉన్న ఫ్రిస్కోలో వీరి వాటా ఐదో వంతు కూడా ఉండదు. ఈ రెండింటి సగటులు పక్కపక్కన పెట్టి బడి గొప్పదని తేల్చడం, మాగాణి దిగుబడిని మెట్ట దిగుబడితో పోల్చి రైతు పనితనాన్ని నిర్ణయించడం లాంటిది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1966లోనే సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్మన్ బృందం అమెరికా ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక, పిల్లల మార్కుల్లో తేడాలకు ఇంటి నేపథ్యమే పెద్ద కారణమని చెప్పింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ షాన్ రియర్డన్ దేశమంతటి పరీక్షల లెక్కలు తీసి మరో మెట్టు ముందుకు వెళ్లారు. ఒక ఏడాది సగటు మార్కు కంటే, పిల్లలు ఏటేటా ఎంత ఎదుగుతున్నారన్నది బడి పనిని బాగా చూపిస్తుందని ఆయన వాదన. షికాగో ఇందుకు ఉదాహరణ. అక్కడి సగటు మార్కులు దేశ సగటు కంటే తక్కువ. అయినా మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఐదేళ్లలో ఆ పిల్లలు ఆరేళ్ల చదువంత ముందుకు వెళ్లారు. ఏ రియల్టరూ మనకు షికాగో బడులను మెచ్చుకుంటూ చెప్పడు.

మన ఇళ్లలో ఏం జరుగుతోందో కూడా ఒప్పుకోవాలి. శనివారం లెక్కల క్లాసు, ఆదివారం ఇంగ్లీషు క్లాసు, సాయంత్రం తండ్రి దగ్గర ఆల్జీబ్రా. ఆ ఖర్చు మనది, ఆ శ్రమ పిల్లలది, ఫలితం మాత్రం డిస్ట్రిక్ట్ ఖాతాలో పడుతుంది. పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు పత్రికల్లో ర్యాంకుల ఫొటోలు చూస్తూ పెరిగిన తరం మనది. ఏ ర్యాంకులో బడి వాటా ఎంత, ఇంటి వాటా ఎంత అని అడిగే అలవాటు మనకు అప్పుడూ లేదు.

మా చుట్టుపక్కల మరో డిస్ట్రిక్టులో చదివే తెలుగు పిల్లవాడికి శనివారాలు లైబ్రరీలో చదువు చెబుతున్నాను. అయిదో తరగతి. వచ్చి రెండేళ్లయింది, తండ్రి రెస్టారెంటు వంటశాలలో పని చేస్తారు. రాష్ట్ర పరీక్ష స్టార్‌లో 'అప్రోచెస్', 'మీట్స్', 'మాస్టర్స్' అని మూడు మెట్లు. ఇతను చదవడంలో మొదటి మెట్టు కూడా అందుకోలేదు. మొన్న ఒక పాఠంలో 'డ్రౌట్' అన్న మాట దగ్గర ఆగిపోయాడు. కరువు అన్నాను. అంతే, తాతగారి ఊళ్లో బోరు ఎండిపోయిన సంగతి, గేదెలను అమ్మేసిన సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఆ పాఠం కింద ఉన్న ఐదు ప్రశ్నలు నేను తెలుగులో అడిగితే నాలుగింటికి సరైన జవాబు వచ్చింది. వాళ్లమ్మ నన్ను అడిగింది: "మంచి డిస్ట్రిక్ట్ అన్నారనే ఇంత అద్దె కడుతున్నాం అక్కా, మరి వీడికి ఎందుకు రావడం లేదు?"

డిస్ట్రిక్ట్ సగటులో ఆ పిల్లవాడు కనిపించడు. చివరి గడుల్లో మాత్రం ఉంటాడు. అక్కడ చూడాల్సింది ఒక్కటే: మన దగ్గరి పేద పిల్లలు, ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలు, రాష్ట్రంలోని అలాంటి పిల్లల కంటే ఎంత ముందున్నారు? డిస్ట్రిక్ట్ నివేదికలో ఆ రాష్ట్ర అంకె పక్కనే ఉండదు, రాష్ట్ర నివేదికను విడిగా తెరవాలి. పది నిమిషాల పని. బడులకూ డిస్ట్రిక్టులకూ రాష్ట్రం ఎ నుంచి ఎఫ్ వరకు ఇచ్చే గ్రేడుల వెనుక కూడా పిల్లల ఎదుగుదలకు ఒక లెక్క, అదే స్థాయి పేదరికం ఉన్న చోట్లతో పోలికకు మరో లెక్క ఉన్నాయి. మనం పైనున్న అక్షరం చూసి ఆగిపోతున్నాం.

మరో సంగతి మన సంఘానికి నేరుగా సంబంధించినది. ఒకే తరగతిలో ఒకే మాతృభాష ఉన్న, ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలు డిస్ట్రిక్ట్ మొత్తం మీద 20 మందికి తగ్గకుండా ఉంటే ఎలిమెంటరీ స్థాయిలో ద్విభాషా బోధన ఇవ్వాలని టెక్సాస్ చట్టం చెబుతుంది. అర్హులైన టీచర్లు దొరకకపోతే డిస్ట్రిక్ట్ మినహాయింపు కోరవచ్చు. తెలుగులో అలాంటి టీచర్లు తయారు కావడానికి మనం చేసిందేమిటి? ఉగాది వేదిక మీద తెలుగు భాష గురించి మాట్లాడే మనం ఈ పనిని నెత్తికెత్తుకోవాలి.

మే నెలలో స్కూల్ బోర్డు ఎన్నికలు వస్తాయి. ఇళ్ల కొనుగోలు మీద సదస్సులు పెట్టే మన తెలుగు సంఘమే అభ్యర్థులను ఒక సాయంత్రం పిలవాలి. రాష్ట్ర సగటు కంటే మనం ఎంత పైన ఉన్నామో చెప్పమని అడగవద్దు, అది వాళ్లు అడగకుండానే చెబుతారు. ఆ చివరి గడులు తెర మీద చూపించి, ఆ పిల్లవాడి తల్లి నన్ను అడిగిన ప్రశ్ననే అభ్యర్థులను అడుగుదాం.