జాజ్‌కూ మన వేదిక మీద చోటుండాలి

ఈ ఉగాది సాయంత్రం మన చెన్నై తెలుగు సంఘం వేడుకలో జరిగినదాని గురించి కార్యవర్గ సమావేశంలోనూ, సభ్యుల వాట్సాప్ గ్రూపులోనూ ఇప్పటికే చాలా మాటలు నడిచాయి. దాన్ని తిరిగి రేపాలన్నది నా ఉద్దేశం కాదు. అయితే ఆ మాటలన్నీ కార్యక్రమం ఆలస్యం కావడం గురించి, మైకు ఎవరి చేతిలో ఉండాలన్నదాని గురించి సాగాయే తప్ప, ఆ పిల్లలు వేదిక మీద వాయించిన సంగీతం ఏమిటని ఒక్కరూ అడగలేదు. నాకు బాధ కలిగించింది అదే. అందుకే ఈ వ్యాసంలో ఆ సంగీతం గురించే, అంటే అమెరికాలో పుట్టిన, అప్పటికప్పుడు అల్లుతూ వాయించే జాజ్ గురించే రాస్తున్నాను.

ఆ రోజు రాలేకపోయినవారి కోసం జరిగింది చెబుతాను. పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం, చిన్నపిల్లల కూచిపూడి అయ్యాక నలుగురు కాలేజీ విద్యార్థులు వేదిక ఎక్కారు. శాక్సఫోన్ వాయించే అమ్మాయి మన సభ్యుల ఇంటి పిల్లే. కీబోర్డు, బేస్ గిటారు, డ్రమ్స్ వాయించేవాళ్ళు ఆమె స్నేహితులు. ఆ అమ్మాయి సన్నని రీడును (ఊదితే కంపించి ధ్వనించే పలకను) పెదవుల మధ్య ఉంచి తడుపుకుంది, దాన్ని వాద్యం నోటికి అమర్చి మర బిగించింది, మెడకు వేసుకున్న పట్టీని సవరించుకుంది, తర్వాత బేస్ గిటారు కుర్రవాడికి తలతో సైగ చేసింది. వాళ్ళు ఎంచుకున్నది అమెరికన్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ‘సో వాట్’. బేస్ ఒక ప్రశ్న అడిగినట్టు పలకడం, మిగిలిన వాద్యాలు రెండే దెబ్బల్లో జవాబు చెప్పడం, ఇలా ఆ రచన మొదలవుతుంది. అది ముగిసి శాక్సఫోన్ ఒంటరిగా విస్తరించడం మొదలుపెట్టిందో లేదో, నా వెనక వరుసలో ఎవరో “ఇంకా శ్రుతి చేసుకుంటున్నారా?” అన్నారు. కాసేపటికి వేదిక మీదకు ఒక చీటీ వెళ్ళింది. ఆ వెంటనే మైకులో, భోజనాలు సిద్ధంగా ఉన్నాయని, ఒక మంచి సినిమా పాట పల్లవి వాయించి ముగించమని ప్రకటన వినిపించింది. తనకని ఇచ్చిన పది నిమిషాల్లో సగం కూడా కాకముందే ఆ అమ్మాయి వాద్యాన్ని పెదవుల నుంచి దించింది. వాళ్ళు ఒక పల్లవి వాయించారు, గట్టిగా చప్పట్లు మోగాయి, దిగిపోయారు.

నిర్వాహకుల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. చెప్పిన వేళకు హాలు ఖాళీ చేయాలి, వంటవాళ్ళు తొందరపెడతారు, షుగరున్న పెద్దవాళ్ళు వేళకు తినాలి. పైగా చెన్నైలో మనమంతా ఒకే తరహా తెలుగువాళ్ళం కాము. కొన్ని తరాలుగా ఇక్కడే ఉండి, ఇంట్లో తెలుగు మాట్లాడినా చదవడం రాని కుటుంబాలున్నాయి. సినిమా పరిశ్రమతో పాటు కోడంబాక్కం వచ్చి, పరిశ్రమ హైదరాబాదు తరలిపోయినా ఇక్కడే ఉండిపోయినవారున్నారు. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వెంట సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు నిన్నమొన్న దిగినవారున్నారు. వీళ్ళందరినీ ఒక్క క్షణంలో కలిపేది సినిమా పాటే. ఆ పాటను చులకన చేసే ఉద్దేశం నాకు ఏ కోశానా లేదు, ఎందుకంటే జాజ్ నాకు పరిచయమైంది సినిమా పాట వల్లనే.

వడపళనిలో మా వెనక వీధిలో ఒక పెద్దాయన ఉండేవారు. కాకినాడ నుంచి వచ్చిన బ్యాండు మేళం కుటుంబం. స్టూడియోలలో తెలుగు, తమిళ పాటలకు ట్రంపెట్ వాయించేవారు. వీధిలో అందరికీ ఆయన మాస్టారే. పగలంతా ఇతరులు రాసిచ్చిన స్వరాలు వాయించి వచ్చి, రాత్రి భోజనం అయ్యాక, మూర్ మార్కెట్లో కొన్న పాత రికార్డుల్లోంచి ఒకటి తీసేవారు. మెత్తని పంచె ముక్కతో గీతల వెంట గుండ్రంగా తుడిచి, సూది దించి, కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకునేవారు. నేను ఆయన దగ్గర మొదట విన్నది జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1928లో చికాగోలో రికార్డు చేసిన ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’. దానికి ఆరంభంలో ఏ తోడూ లేకుండా ట్రంపెట్ ఒక్కటే పైకి ఎగసి, కిందికి జారి, కొన్ని క్షణాల్లోనే వినేవాడిని నిలబెట్టేస్తుంది. ఆ రచన ఆర్మ్‌స్ట్రాంగ్‌ది కాదు, ఆయన గురుతుల్యుడైన కింగ్ ఆలివర్‌ది. చివరి భాగంలో ఆర్మ్‌స్ట్రాంగ్ ఒకే స్వరాన్ని దాదాపు నాలుగు బార్ల (బారు అంటే మామూలుగా నాలుగు దెబ్బల కొలత) పొడవునా నిలిపి ఉంచుతాడు. అక్కడికి వచ్చేసరికి మాస్టారి ఛాతీ కూడా ఊపిరి బిగబట్టినట్టు ఆగేది.

“అబ్బాయ్, మొత్తం ఒక్కసారే పట్టుకోవాలని చూడకు. ఈసారి క్లారినెట్ వెంట పో, ఇంకోసారి పియానో వెంట పో” అనేవారు ఆయన. జాజ్ వినడం ఎలాగని నన్ను ఎవరు అడిగినా, ఇప్పటికీ ఆ మాటే చెబుతాను.

ఇక ఆ సాయంత్రం వినకుండా ఆపేసిన ‘సో వాట్’ సంగతి. 1959లో మైల్స్ డేవిస్ న్యూయార్కులో రికార్డు చేసిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఆల్బంలో మొదటి రచన అది. డేవిస్ చేతిలో పూర్తిగా రాసిన స్వరపత్రాలు లేవు. ఏ స్వరాల వరుసలో విహరించాలో సూచించే చిన్న చిన్న రూపురేఖలు మాత్రమే తెచ్చి, ముందస్తు సాధన పెద్దగా లేకుండానే తన బృందాన్ని వాయించమన్నాడు. ఆ బృందంలో జాన్ కోల్ట్రేన్, కానన్‌బాల్ ఆడర్లీ, బిల్ ఎవాన్స్, పాల్ చేంబర్స్, జిమ్మీ కాబ్ ఉన్నారు. ‘సో వాట్’కు ఆధారమైన స్వరాల వరుసను వాళ్ళు డోరియన్ అంటారు. దాని మొదటి స్వరాన్ని షడ్జమంగా పెట్టుకుని పాడి చూడండి: చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కైశిక నిషాదం. త్యాగరాజు కృతి ‘చక్కని రాజమార్గము’ నేర్చుకున్న ప్రతి ఒక్కరి గొంతులోనూ ఉన్న ఖరహరప్రియ రాగ స్వరస్థానాలే అవి. గమకాలు, అంటే స్వరాలకిచ్చే ఊపులు, లేనిదే రాగం కాదు కనుక దాన్ని ఖరహరప్రియ అని నేననను. కానీ పదహారు బార్లు ఆ స్వరాల్లో నడిచి, ఎనిమిది బార్ల పాటు ఆధార షడ్జమమే అర మెట్టు పైకి జరిగి, చివరి ఎనిమిది బార్లకు మళ్ళీ మొదటి చోటికి దిగడాన్ని గమనించడానికి మనకంటే తగిన శ్రోతలు ఎవరుంటారు? వాద్యకారుడు ఆ ముప్పై రెండు బార్ల ఆవర్తాన్ని తిప్పి తిప్పి, ప్రతిసారీ కొత్తగా అల్లుతాడు. స్వరకల్పనలో ఎడుపు (పాటను మళ్ళీ అందుకునే చోటు) కోసం ఎదురుచూసే అలవాటున్న చెవికి అక్కడ కావలసినంత పని ఉంది. మార్గళిలో, అంటే డిసెంబరు కచేరీల నెలలో, సభ తర్వాత సభకు వెళ్ళి, క్యాంటీన్ దగ్గర నిలబడి నెరవు (ఒకే పంక్తిని రకరకాలుగా విస్తరించి పాడడం) బాగుందా లేదా అని వాదించుకునేవాళ్ళం మనమే. మనోధర్మం, అంటే అప్పటికప్పుడు సంగీతం కల్పించడం, అన్నమాటకు అర్థం తెలిసిన సమాజం మనోధర్మాన్ని శ్రుతి చేసుకోవడంగా పొరబడడం నాకు మింగుడుపడలేదు.

ఈ సంగీతం మనకు బొత్తిగా పరాయిదన్న వాదన కూడా చెల్లదు. పాలకొల్లులో పుట్టి ఈ నగరంలో పెరిగి పెద్దవాడైన మాండలిన్ శ్రీనివాస్, పద్నాలుగేళ్ళ వయసులో, 1983లో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. ఆ శ్రోతలకు త్యాగరాజు తెలియదు, ఆది తాళం తెలియదు. అయినా మన పిల్లవాడి ముందు కూర్చుని విన్నారు. తర్వాత గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకీర్ హుసేన్‌లతో ‘రిమెంబర్ శక్తి’ బృందంలో ఆయన ప్రపంచమంతా తిరిగాడు. ఆ బృందానికి మూలమైన ‘శక్తి’లో 1970లలో ఘటం వాయించింది చెన్నై విద్వాంసుడు విక్కు వినాయకరామే. మన పెళ్ళిళ్ళలో గౌరవంగా వినే కర్ణాటక శాక్సఫోన్‌ను నిలబెట్టిన కద్రి గోపాల్‌నాథ్, రుద్రేశ్ మహంతప్ప అనే అమెరికన్ జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడితో కలిసి 2008లో ‘కిన్స్‌మెన్’ ఆల్బం చేశారు. ఇంకా వెనక్కి వెళితే, పాశ్చాత్యుల వయొలిన్‌ను కర్ణాటక సంగీతానికి తెచ్చిన బాలుస్వామి దీక్షితులు దాన్ని నేర్చింది ఈ మద్రాసు చుట్టుపక్కలే. వాద్యానికి ఇచ్చిన చోటు, ఆ వాద్యం ఇంకో భాషలో మాట్లాడినప్పుడు ఎందుకు ఇవ్వలేకపోతున్నాం?

కొత్తగా వినాలనుకునేవారికి నాకు ఇష్టమైనవారిలో కొందరి పేర్లు చెబుతాను. తాళం మీద మక్కువ ఉన్నవారు అమెరికన్ పియానో విద్వాంసుడు డేవ్ బ్రూబెక్ బృందం వాయించిన ‘టేక్ ఫైవ్’తో మొదలుపెట్టవచ్చు. అది పాల్ డెస్మండ్ రచన, 1959 నాటిది, అయిదు మాత్రల నడక. మన ఖండ చాపును రెండు, మూడుగా వేస్తాం. వాళ్ళు మూడు, రెండుగా విరిచారు. చేత్తో తాళం వేస్తూ వింటే మొదట చేయి తడబడుతుంది, ఆ తడబాటులోనే రుచి ఉంది. అంతకు ముందటి ఏడాదే బ్రూబెక్ బృందం మన దేశ పర్యటనలో మద్రాసులో కూడా వాయించింది.

సినిమా పాటే కావాలనేవారికి జాన్ కోల్ట్రేన్ ‘మై ఫేవరిట్ థింగ్స్’ వినిపిస్తాను. తర్వాత సినిమాగా కూడా వచ్చిన ఒక సంగీత నాటకంలోని చిన్న పాట అది. కోల్ట్రేన్ 1960లో దాన్ని సొప్రానో శాక్సఫోన్ మీద అందుకుని పదమూడు నిమిషాలకు పైగా విస్తరించాడు. మెక్‌కాయ్ టైనర్ పియానో మీద వదలకుండా తిప్పే నడకలో తంబురా చేసే పని నాకు వినిపిస్తుంది. పండిట్ రవిశంకర్ మీద గౌరవంతో కోల్ట్రేన్ తన కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు. ఆయన భార్య ఆలిస్ కోల్ట్రేన్ పియానో, హార్ప్ వాయించే గొప్ప విద్వాంసురాలు. పుట్టపర్తి సత్యసాయి భక్తురాలై, తన ఆశ్రమంలో సంస్కృత భజనలు కూర్చి పాడారు. మన భజన మండలి వారికి ఆమెను పరిచయం చేయాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

గాత్రం ఇష్టపడేవారికి ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ ఉంది. 1960లో బెర్లిన్ కచేరీలో ఒక పాట మధ్యలో సాహిత్యం మరిచిపోయి, ఆగకుండా అప్పటికప్పుడు మాటలు కల్పించి పాడేసింది. ఆ రికార్డులో ఆమె గొంతులో కంగారు లేదు, సంతోషమే ఉంది. పాఠం మరిచిపోతామని వేదిక మీద వణికే మన పిల్లలకు అది తప్పక వినిపించాలి.

బిల్ ఎవాన్స్ త్రయం 1961 జూన్‌లో న్యూయార్కు విలేజ్ వాన్‌గార్డ్ జాజ్ క్లబ్బులో వాయించిన రికార్డులు నాకు అన్నిటికంటే ఇష్టం. పియానో, బేస్, డ్రమ్స్ మూడూ సమానులుగా మాట్లాడుకుంటాయి. బేస్ వాయించిన స్కాట్ లఫారో ఆ తర్వాత కొద్ది రోజులకే కారు ప్రమాదంలో, పాతికేళ్ళ వయసులో మరణించాడు. ఆ రికార్డుల్లో శ్రోతల మాటలు, గ్లాసుల చప్పుడు స్పష్టంగా వినిపిస్తాయి. అక్కడా జనం తింటూ తాగుతూనే ఉన్నారు, అందరూ శ్రద్ధగా వినలేదు కూడా. అయినా వాయిస్తున్నవాళ్ళను మధ్యలో ఎవరూ ఆపలేదు. మన భోజనాల వేళకూ ఆ పాటి సర్దుబాటు సాధ్యమేనని నేను నమ్ముతున్నాను.

కాబట్టి కార్యవర్గానికి నా విన్నపం రెండు విషయాల్లో. దీపావళి కార్యక్రమంలో ఆ నలుగురు పిల్లలను మళ్ళీ పిలవండి. భోజనాల ముందు ఇరికించకుండా, సాయంత్రం మొదట్లో, అందరి చెవులూ తాజాగా ఉన్నప్పుడు నలభై నిమిషాలు ఇవ్వండి. వాళ్ళు ఏం వాయిస్తున్నారో ముందుగా రెండు మాటల్లో ఎవరైనా తెలుగులో చెబితే, సగం ఇబ్బంది అక్కడే తీరుతుంది. అడిగితే ఆ అమ్మాయి తానే చెప్పగలదు, చక్కని తెలుగు ఆమెది.

రెండోది, నెలకొక ఆదివారం ఉదయం, మేడ మీది చిన్న గదిలో, ఒక గంట జాజ్ వినే కార్యక్రమం పెడదాం. ఉపన్యాసాలు వద్దు. ఒకటో రెండో రచనలు ఎంచుకుని, ఒక్కోదాన్ని రెండుసార్లు వినడం, మధ్యలో వినిపించినదాని గురించి మాట్లాడుకోవడం, అంతే. మన సభ్యుల్లో వీణ నేర్పే అమ్మగారు ఒకరు ఉన్నారు. ఒక వారం ఆవిడ ఖరహరప్రియ వాయించాక ‘సో వాట్’ పెడదాం. మొదటి ఆదివారానికి మాత్రం ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ సరిపోతుంది: మూడు నిమిషాలకు కాస్త పైబడిన రచన, కనుక మూడు సార్లు విన్నా ఎవరికీ బరువు కాదు. స్పీకర్లు, రికార్డులు నేను తెస్తాను. గది తాళం, ఒక పాతిక కుర్చీలు కార్యవర్గం ఏర్పాటు చేస్తే వచ్చే నెల నుంచే మొదలుపెట్టవచ్చు.